ముంజ మింగిన నాయకుడు

మా కాలేజీ వాళ్లు తెచ్చిన జ్ఞాపక సంచికలో నేను రాసిన వ్యాసం ఒకటుంది. ‘ఒక వేసవి మధ్యాహ్నం గొంతులో ఏదో అడ్డుపడి ఊపిరాడని ఒక విద్యార్థి ప్రాణాన్ని మా అత్యవసర దళం నిలబెట్టింది’ అని అందులో ఒక వాక్యం. వేసవి నిజం, మధ్యాహ్నం నిజం, ఊపిరాడకపోవడం మరీ నిజం. మిగతాది నేను అల్లింది. ఆ ఊపిరాడని కుర్రాణ్ణి నేనే. కాపాడిన మనిషి మా దళంలో లేదు. చేరతానని వచ్చిన ప్రతిసారీ నేనే వద్దని పంపేశాను. ఆ వాక్యాన్ని దిద్దడానికే ఇది రాస్తున్నాను. అలాగని ఏడుపు మొహం పెట్టుకుని మాత్రం రాయలేను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్లు బల్ల కింద కుదురుగా ఉండవు.

మొన్న పరీక్షలకు ముందు కీర్తన అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పటి దళానికి నాయకురాలు. “సార్, మీరు ఫౌండర్ కదండీ, ఒకసారి వచ్చి మా డ్రిల్ చూడండి” అంది. రాజమండ్రి దాటి కాలువ గట్టు వెంట వెళితే వచ్చే ఆ కాలేజీకి, ఇంత దగ్గరలో ఉంటూ కూడా, నేను ఏళ్ల తరబడి వెళ్లలేదు. ఈసారి వెళ్లాను. సైకిల్ స్టాండు పక్కన అప్పట్లో మాకిచ్చిన రేకుల గది పోయి అద్దాల తలుపుల గది వచ్చింది. లోపల గుండె నొక్కడం నేర్చుకునే రబ్బరు బొమ్మ, ఆగిన గుండెకి కరెంటు దెబ్బ ఇచ్చే పెట్టె, మడిచి పెట్టిన స్ట్రెచర్లు. ఎవరైనా పడిపోతే ఫోన్ గ్రూపులో ఒక్క మెసేజి, ఎక్కడి వాళ్లు అక్కడి నుంచి పరుగు. సగానికి పైగా ఆడపిల్లలే. గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో కీర్తన కొత్తవాళ్లకి చూపిస్తోంది. ఒక కుర్రాడు అమ్మాయి వీపు మీద కొట్టడానికి మొహమాటపడుతుంటే “ముందు కొట్టు, సిగ్గు తర్వాత!” అని అరిచింది. పిల్లలందరూ అదే మాటని పాటలా అందుకున్నారు. “ఆ మాట ఎవరు నేర్పారమ్మా?” అని అడిగాను. “మా సీనియర్లండి. వాళ్లకి వాళ్ల సీనియర్లు. మీ కాలం నుంచే వస్తోందనుకుంటున్నామండి” అంది. గోడ మీద నల్లరాతి పలకలో వ్యవస్థాపకుడిగా నా పేరు చెక్కి ఉంది. ఆ మాట నాది కాదు. ఆ పలక మీద ఉండాల్సిన పేరు కూడా నాది కాదు.

మాది జంగారెడ్డిగూడెం పక్కన మెట్ట ఊరు. ఎర్రమట్టి, పొగాకు వాసన, మోటారు బావులు తప్ప ఏమీ తెలియని నేను డెల్టాలో చదువుకోవడానికి వచ్చి, ఏ కిటికీ తెరిచినా నీళ్లు కనపడే ఆ హాస్టల్లో దిగాను. అప్పట్లో ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సులు లేవు. ఎవరైనా పడిపోతే రిక్షా కోసం గేటు దాకా పరుగెత్తాలి. ఒకసారి ఆటల పోటీల్లో మా క్లాసు కుర్రాడు ఎండదెబ్బకి మైదానంలో కూలిపోయాడు. మేమంతా చుట్టూ మూగి వాడికి ఉన్న కాస్త గాలి కూడా ఆడకుండా చేశాం. జువాలజీ చెప్పే విశ్వనాథం మాస్టారు ధోవతి ఎగ్గట్టి వచ్చి, మమ్మల్ని తిట్టి తరిమి, వాణ్ణి నీడకి చేర్చి, తడిగుడ్డలు చుట్టి బతికించారు. మర్నాడు నన్ను పిలిపించి “అబ్బాయ్, నిన్న నువ్వు బాగా అరిచావు. చేసిందేమీ లేదు గానీ అరవడం మాత్రం దివ్యంగా అరిచావు. ఆ గొంతుకి కాస్త పని నేర్పుదాం” అన్నారు. అలా దళం పుట్టింది, నేను నాయకుణ్ణయ్యాను.

మాస్టారికి నశ్యం అలవాటు. పీల్చే ముందు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కునేవారు, పీల్చాక మళ్లీ కడుక్కునేవారు. ఏ గాయాన్ని ముట్టుకోవాలన్నా ముందు చేతులు కడుక్కోవాలని మాకు నేర్పింది ఆ నశ్యపు డబ్బానే. మా రేకుల గదిలో టింక్చరు, నశ్యం, గోనెసంచి, ఉడికిపోతున్న రేకు, ఈ నాలుగు వాసనలూ కలిసి ఉండేవి. గోనెసంచుల అడుగులు కోసి రెండు వెదురు గడలు దూర్చితే అదే మా స్ట్రెచర్. రామచంద్రపురం రైతుబిడ్డ బుల్లెబ్బాయి నా కుడిభుజం. దళంలో అందరికంటే బరువు కూడా వాడే కాబట్టి వాణ్ణి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి కాలువ గట్టు మీద పరుగులు తీసేవాళ్లం. “ఒరేయ్, నన్ను కాలవలో పారేస్తే పారేశారు గానీ కాపాడతామని మాత్రం రాకండ్రా” అని వాడు పడుకునే అరిచేవాడు.

ప్రతి హాస్టల్లో ఒకడి మెడలో విజిల్ ఉండేది. అది మోగిందంటే, అబ్బ, ఆ ఆనందం ఎలా చెప్పను! అన్నం ముందు నుంచి లేచి పరుగు, క్లాసులో మాస్టారి అనుమతి అడుగుతూనే గుమ్మం దాటడం, మెట్లు దిగకుండా దూకడం. కెమిస్ట్రీ లాబులో చేతి మీద యాసిడ్ ఒలికితే ఆ చేతిని కుళాయి కింద పెట్టి కదలనివ్వకుండా పట్టుకున్నాం. కందిరీగల తుట్టెను కదిపిన వీరుణ్ణి మోసుకొచ్చాం. నీటిపాము కరిచిందని వీలునామా చెప్పడం మొదలుపెట్టినవాడికి అది విషం లేని పామని నచ్చజెప్పి, అయినా ఆసుపత్రికి చేర్చాం. మా అసలు యుద్ధం రోగాలతో కాదు, చుట్టూ చేరే జనంతో. మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళంచెవులు పెట్టేవాళ్లు, స్పృహ తప్పినవాడి ముక్కు దగ్గర ఉల్లిపాయ నలిపేవాళ్లు, పడిపోయినవాడి నోట్లో మంచినీళ్లు పోసేవాళ్లు. వాళ్లంతా మాకంటే పెద్దవాళ్లు. గోదావరి జిల్లా మర్యాద ఊరుకోదు కదా. “దయచేసి కాస్త వెనక్కి జరుగుతారా అండీ” అని వేడుకుంటూనే మోచేతులతో నెట్టేవాళ్లం.

అన్నిటికంటే మొండి అలవాటు ఇంకొకటుంది. అన్నం తింటూ ఎవరికైనా పొలమారితే నడినెత్తి మీద తట్టడం. మా నాయనమ్మ అయితే నాకు పొలమారినప్పుడల్లా కుడిచేత్తో తడుతూ, ఎవరు తలుచుకుంటున్నారో వరసగా పేర్లు చదివేది. “మీ మేనత్త తలుచుకుంటందిరా. కాదు, మీ మావయ్య.” ఏ పేరు దగ్గర దగ్గు ఆగితే వాళ్లు తలుచుకున్నట్టు. దగ్గగలిగే మనిషిని దగ్గనివ్వాలని, నిజంగా ఊపిరి అడ్డుపడితే నెత్తి మీద కాదు, మనిషిని ముందుకి వంచి రెండు భుజాల మధ్య గట్టిగా చరచాలని, అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి పైన పిడికిలితో లోపలికీ పైకీ నొక్కాలని మాస్టారు నేర్పారు. ఈ పాఠం చెప్పడమంటే నాకు మహా ఇష్టం. రెండు చేతులూ గొంతుకి పెట్టుకుని, కళ్లు తేలేసి, గోడకి జారి పడేవాణ్ణి. మెస్సులో చేశాను, లైబ్రరీ మెట్ల మీద చేశాను, బస్టాపులో కూడా చేశాను. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు.

ఆ పాఠాన్ని కిటికీ బయట నిలబడి వినేది సత్యవతి. రామచంద్రపురం దగ్గర పల్లెలో గుడి అర్చకుల అమ్మాయి, మాకంటే ఒక ఏడాది చిన్న క్లాసు. మాస్టారికి అభ్యంతరం లేదు, నిర్ణయం నాకొదిలేశారు. ఒకరోజు గది గుమ్మంలోకొచ్చి “ప్రసాదు గారూ, మా హాస్టల్లో ఎవరైనా పడిపోతే మీరు గేటు దగ్గరే ఆగిపోతున్నారు. లోపలికి రానివ్వరు కదా. మమ్మల్ని కూడా చేర్చుకోండి” అంది.

“స్ట్రెచర్ మొయ్యాలండి. ఆడవాళ్లకి కష్టం” అన్నాను.

“నీళ్లబిందె ఎవరు మోస్తున్నారనుకుంటున్నారండీ మా ఊళ్లో?”

“మగవాళ్లని ముట్టుకోవాల్సి వస్తుందండి. నలుగురూ నాలుగు మాటలంటారు.”

“ప్రాణం పోయేవాడికి నలుగురి మాటలు వినపడతాయాండీ?”

బుల్లెబ్బాయి పక్కకి తిరిగి నవ్వాడు. నాకు తిక్కరేగింది. చూద్దామన్నాను. ఆ తర్వాత కూడా అదే మాట అంటూ పోయాను. ఆవిడ మాత్రం కిటికీ వదల్లేదు.

ఆ వేసవి ప్రాక్టికల్సు అయిపోయిన రోజు మధ్యాహ్నం గేటు ముందు తాటిముంజల బండి చుట్టూ మేమంతా చేరాం. మాలో ఒక పందెం ఉండేది. ముంజ పైతొక్క ఒలిచి, పన్ను తగలకుండా, చిట్లనివ్వకుండా, ఒక్క గుటకలో మింగాలి. లేతముంజ అయితే జారిపోతుంది. కడుపులోకి చల్లగా దిగుతుంటే ప్రపంచాన్ని గెలిచినట్టుంటుంది. నేను ఆ ఆటలో ఛాంపియన్ని. బుల్లెబ్బాయి తన వాటాలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అది ముదురు. వేలికి తెలిసింది కూడా. కానీ అందరూ చూస్తున్నారు. తల వెనక్కి వాల్చి నోట్లో వేసుకున్నాను. సరిగ్గా అప్పుడు బుల్లెబ్బాయి “ఒరేయ్, వీడు అప్పడాన్ని కూడా నమలకుండా మింగేస్తాడ్రా” అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

ఆ నవ్వు బయటికి రాలేదు. ఏదీ బయటికి రాలేదు, ఏదీ లోపలికి పోలేదు. గొంతుకి బిరడా బిగించినట్టయింది. దగ్గుదామంటే దగ్గు లేదు, అరుద్దామంటే మాట లేదు. రెండు చేతులూ గొంతుకి పోయాయి. కళ్లు తేలేశాను. నా దళం, నేను నేర్పి తయారుచేసిన దళం, చప్పట్లు కొట్టింది. “చూడండి, చూడండి, రెండు చేతులూ గొంతుకి! ఇదే అసలు గుర్తు!” అని బుల్లెబ్బాయి చుట్టూ ఉన్న జూనియర్లకి పాఠం మొదలుపెట్టాడు. నేను వాడి చొక్కా పట్టుకుని మోకాళ్ల మీద పడ్డాను. “ఈసారి కొత్తగా చేస్తున్నాడ్రా” అన్నారెవరో. నా మొహం రంగు మారాక బుల్లెబ్బాయి నవ్వు ఆగింది. ఆగి ఏం చేశాడు? నెలల తరబడి నేర్చుకున్నదంతా మరిచిపోయి నా నెత్తి మీద తట్టడం మొదలుపెట్టాడు. ఇంకొకడు కూడా తట్టాడు. ఇంకొకడు నీళ్లు, నీళ్లు అంటూ పరుగెత్తాడు. కళ్ల ముందు ఎండ నల్లబడిపోతోంది. చెవుల్లో హోరు. నెత్తి మీద టపటపా దెబ్బలు.

అప్పుడు ఎవరో నన్ను నడుం దగ్గర పట్టి లేపి ముందుకి వంచారు. వీపు మీద దెబ్బ పడింది. అది తట్టడం కాదు, రేవులో బండ మీద బట్టలు బాదినట్టు బాదడం. “ఏంటండీ మీరు, మగవాణ్ణి పట్టుకుని...” అని బుల్లెబ్బాయి అడ్డం రాబోతే, “సిగ్గు తర్వాత! ముందు కొట్టండి!” అని సత్యవతి గొంతు. నాలుగైదు దెబ్బలకీ అది కదల్లేదు. రెండు చేతులు నా చుట్టూ తిరిగి పొట్ట మీద పిడికిలి బిగిసింది. నా పాదాలు నేల వదిలాయి. మళ్లీ, ఇంకోసారి. గాజులు పగిలి గుచ్చుకున్నాయి. ఆ తర్వాత ముంజ నా నోట్లోంచి ఎగిరి బండి చక్రం దగ్గర పడింది. నా ఛాతీలోకి గాలి వచ్చింది. దుమ్ము, ఎండ, తాటాకు పచ్చివాసన, అన్నీ కలిసిన గాలి. అంత రుచైనది నేను జన్మలో మళ్లీ చవిచూడలేదు.

కానీ గేటు దగ్గరికి అప్పుడే వచ్చిన ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ గారికి కనపడింది, పట్టపగలు నడిరోడ్డు మీద ఒక అమ్మాయి ఒక అబ్బాయిని వాటేసుకుని ఉండటం. సాయంత్రానికి ఇద్దరం ప్రిన్సిపాల్ గారి గదిలో ఉన్నాం. “ఏమయ్యా ప్రసాదూ, నీకు ఊపిరి ఆగిపోయిందనీ, తను కాపాడిందనీ ఈ అమ్మాయి చెబుతోంది. నిజమేనా?” అన్నారాయన. అవునండి అంటే అయిపోయేది. దళం నాయకుడే పందెం కట్టి ముంజ మింగాడని తెలిస్తే మా గదికి తాళం పడుతుందని భయం. అది చెప్పుకోవడానికి పనికొచ్చే కారణం. అసలు కారణం వేరే ఉంది.

“అబ్బే, ఏం లేదండి. కాస్త పొలమారిందంతే. తగ్గిపోయేదే. ఆవిడ కంగారుపడ్డారండి” అన్నాను.

సత్యవతి నా వైపు చూడలేదు. “పెదాలు నల్లబడిపోతుంటే కంగారుపడకుండా ఎలా ఉంటామండీ?” అంది ప్రిన్సిపాల్ గారితో. ఆయన కంగారు అన్న మాటనే పట్టుకున్నారు. వాళ్ల నాన్నగారిని పిలిపించారు. ఆవిడ హాస్టల్ ఖాళీ చేసి ఊరి నుంచి బస్సులో రావడం మొదలుపెట్టింది. కాలేజీలో ఆవిడ వెనక గుసగుసలు మొదలయ్యాయి. నేను ఒక్క మాటతో ఆపగలిగినవి. ఊరెళ్లి వచ్చిన విశ్వనాథం మాస్టారు నా చొక్కా పైకెత్తి కమిలిన పక్కటెముకలు చూశారు. “పొలమారితే ఎముకలు కములుతాయిట్రా?” అన్నారు. నేను చొక్కా కిందికి లాక్కున్నాను. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏడాది నేను చదువు ముగించి వచ్చేశాను. మా మగపిల్లల దళం నా వెనకే చెల్లాచెదురైందని, ఆ రేకుల గదిలోనే సత్యవతి మాస్టారి అండతో ఆడపిల్లలతో కొత్తగా మొదలుపెట్టిందని, ఇప్పుడున్నది ఆ దళమేనని బుల్లెబ్బాయి ఎప్పుడో చెప్పాడు. తెలిసీ ఆ వ్యాసం రాశాను.

కీర్తన వాళ్ల డ్రిల్ చూసి వచ్చాక, ఆ ఆదివారం రామచంద్రపురం వెళ్లాను. సత్యవతి గారు అక్కడ బళ్లో లెక్కల టీచరు. కళ్లజోడు పైకి తోసి ఒక్క క్షణం చూసి “ముంజ ప్రసాదు గారా! మా పిల్లలకి మీరు ఆ పేరుతోనే తెలుసండి” అని పకపకా నవ్వారు. కాఫీ ఇచ్చి “మెల్లిగా తాగండి, పొలమారుతుంది” అన్నారు. క్షమించమని అడగడానికి వచ్చానన్నాను. అప్పుడు నవ్వు తగ్గింది.

“నాన్నగారు నన్నొక్క మాట అనలేదండి. ఆ రోజు బస్సులో దారంతా మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, నిజంగా చచ్చిపోయేవాడా అమ్మా అని అడిగారు. చచ్చిపోయేవాడే నాన్నా అన్నాను. మరి ఆ మాట వాడెందుకు చెప్పలేదే అన్నారు. ఆయన పోయేలోపు ఎన్నిసార్లు అడిగారో. నాకు తెలిస్తే కదండీ చెప్పడానికి.”

నేను నోరు తెరవబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. “ఇక్కడ కాదండి. మా ఇంట్లో, కాఫీ గ్లాసు ముందు నాకొద్దు. ఎక్కడ అబద్ధం చెప్పారో అక్కడ చెప్పండి. వచ్చి వింటాను.”

అలా ఇద్దరం మళ్లీ ఆ కాలేజీకి వెళ్లాం. కీర్తన పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టింది. ఇక్కడ రాసినదంతా వాళ్లకి చెప్పాను. ముంజ ఎగిరిన చోట పగలబడి నవ్వారు, ప్రిన్సిపాల్ గది దగ్గర ఎవరూ కదల్లేదు. చెప్పడం అయ్యాక, సత్యవతి గారు ముందు వరసలోంచి లేచి, క్లాసులో పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగారు. “మరి ఎందుకు చెప్పలేదండీ?”

“సిగ్గేసిందండి. నేను పనికిరాదన్న మనిషి చేతిలో బతికానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఇంకే కారణమూ లేదు.”

ఆవిడ ఏదో అనబోయారు. అప్పుడే హాలంతా ఫోన్లు మోగాయి. “క్యాంటీన్ దగ్గర ఒకమ్మాయి పడిపోయిందటండీ!” అంటూ కీర్తన పరుగు తీసింది. కుర్చీలు పడ్డాయి, తలుపులు బద్దలైనంత పనైంది, హాలు ఖాళీ అయిపోయింది. సత్యవతి గారు చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వాళ్ల వెనకే పోతూ “ఇంకా నిలబడ్డారేంటండీ, రండి!” అని కేకేశారు. పరుగెత్తాను. ఈ మోకాళ్లతో, ఈ పొట్టతో, అందరికంటే ఆఖరున, ఒళ్లు తెలియని సంతోషంతో పరుగెత్తాను.

నేను చేరేసరికి కీర్తన ఆ అమ్మాయి నాడి చూస్తోంది. సత్యవతి గారు నేల మీద కూర్చుని ఆ పిల్ల పాదాలు తన ఒళ్లోకి ఎత్తి పెట్టుకున్నారు. పిల్ల కళ్లు తెరుస్తోంది. జనం మూగారు. నా పక్కన నిలబడ్డ యువ లెక్చరరు ఒకాయన “ఎవరండీ ఆవిడ? డాక్టరు గారా?” అని అడిగాడు.

“కాదండి, లెక్కల టీచరు. సత్యవతి గారు. ఈ దళాన్ని మొదలుపెట్టింది ఆవిడే. నా ప్రాణం కాపాడింది కూడా ఆవిడేనండి” అన్నాను, గుంపులో చివరి మనిషికి కూడా వినపడేలా.

ఆవిడ తల తిప్పలేదు. “ప్రసాదు గారూ, ఎండకి అడ్డం నిలబడ్డారు బాగానే ఉంది గానీ, గాలికి కూడా అడ్డమే. కాస్త జరగండి” అన్నారు.

జరిగాను.